దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు

కాజీపేట – విజయవాడ మార్గంలో దోర్నకల్ అనే జంక్షన్ వున్నది. రైల్వే గుమాస్తానైన నాకు ఆ పేరు మొదట కాగితాల మీదనే పరిచయం. బొగ్గు గనుల వైపు దారి చీలే ఆ చిన్న వూరికి పేరు తెచ్చిన మహనీయులు బిషప్పు అజరయ్య గారు. ఈ ఉగాది వేళ వారిని స్మరించుకొందాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా పట్టా పొందలేదు. వై.ఎం.సి.ఏ.లో పనిచేసి, 1909లో నాటి నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. మాతృభాష తమిళం, అయినను పట్టుదలతో తెలుగు నేర్చి మనవారైపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయినారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయులు వారే.

అచ్చటి క్రైస్తవులలో పెక్కుమంది మాల మాదిగ కూలీలు. వారిని నాలుగు భూతాలు పట్టి పీడిస్తున్నవని అజరయ్య గారు చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. నాలుగూ ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చేవే. పెండ్లికీ చావుకీ కల్లు, కల్లుకు అప్పు, అప్పుకు చాకిరి. అందుచేత ఆయన బోధతోనే ఆగలేదు. ఎడ్లబండి మీద వూరూరా తిరిగి, గుడారాలలో మకాం చేసి, బడులు పెట్టించి, నడవడి మారనిదే భక్తి పూర్తి కాదని నచ్చజెప్పారు. తాగుడు మాని, శుభ్రంగా బ్రతుకుతున్న ఆ పేదలను చూచి ఇతర కులాలవారు కూడ ఆ మతం వైపు తిరిగారు. మాట కన్న మార్పే పెద్ద సాక్ష్యమైనది.

వారు కట్టించిన దోర్నకల్ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందినది. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు మూడూ అందులో కలిసివున్నవి. 1945 జనవరి 1న అజరయ్య గారు అక్కడనే కన్నుమూశారు. వారు కోరుకొన్న దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడినది.

వారి మతం నాది కాదు. కాని మా ఇంటిలో ఒకరిని తాగుడుకు పోగొట్టుకొన్నవాడను. ఆ దినాలలో మేము సిగ్గుపడి తలుపు మూసుకొన్నాము. తలుపు తట్టినవారు లేరు. పరాయి భాష నేర్చి పరుల గుడిసెల ముందు నిలిచిన ఆ పెద్దమనిషిని తలచినప్పుడు నాకు తోచేది ఇదే: కన్నడ సీమలో కలిసి బ్రతుకుతున్న మనం, పొరుగింట ఆ భూతం దూరితే తలుపు తట్టుదాము. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.