హాప్స్ తీగకు నూతన వంశము: ఎర్నెస్ట్ సామన్

ఇంగ్లండులోని కెంటు మండలము హాప్స్ తోటలకు ప్రసిద్ధి కెక్కినది. పొడవైన రాటలకు కట్టిన దారముల మీదుగా ప్రాకు ఈ తీగల ఆడుపూల రేకుల మొదళ్లలో పసుపుపచ్చని పొడి యుండును. బీరునకు చేదు, పరిమళము, చెడిపోకుండ నిలుచు శక్తి ఆ పొడి వలననే కలుగును. ఆ పొడికి కొత్త గుణము సమకూర్చినవాడు ఎర్నెస్ట్ స్టాన్లీ సామన్.

1871లో జన్మించిన సామన్ మొదట హాప్స్ పండితుడు కాడు, శిలీంధ్రముల శాస్త్రజ్ఞుడు. మొక్కలకు పట్టు బూడిద తెగులును గూర్చి 1900లో ఆయన ప్రకటించిన గ్రంథము పండితుల మన్నన పొందెను. 1906లో ఆయన కెంటులోని వై కళాశాలలో చేరెను. ఆ తెగులు హాప్స్ తోటలను కూడ పీడించుచుండెను. దానికి లొంగని తీగలను వెదకుచు సామన్ సంకరజాతుల పెంపకమునకు దిగెను. తెగులు వెంట పోయి తీగ చేతికి చిక్కెననవచ్చును.

ఇంగ్లండువారి ఫగుల్, గోల్డింగ్ తీగలది సున్నితమైన పరిమళము. చేదునిచ్చు జిగురు మాత్రము తక్కువ. అమెరికా తీగలలో జిగురు మెండు, కాని వాటి ఘాటు వాసన ఇంగ్లండు బీరు తయారీదారులకు గిట్టెడిది కాదు. ఆ బలమును, ఈ పరిమళమును ఒకే తీగలో చేర్చవలెనని సామన్ సంకల్పము.

1916లో కెనడా నుండి మకౌన్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు మానిటోబా అడవితీగ కొమ్మ నొకదానిని పంపెను. వైలో నాటిన ఆ తీగ ఎక్కువకాలము బ్రతుకలేదు. అయినను అది చచ్చుటకు ముందే, అక్కడి మగతీగల పుప్పొడి సోకి కట్టిన గింజలు కొన్ని చేతికందెను. ఆ గింజలు దక్కకున్నచో కథ అంతటితో ముగిసెడిది! 1919లో వాటి మొలకలు పెరిగెను. గింజ మొలకలలో ఏ రెండును ఒక్క తీరున నుండవు. మగవి బీరునకు పనికిరావు. ఆడువాని గుణము తేలుటకు ఏండ్లు పట్టును. అట్లు ఏరిన తీగలలో బ్రూయర్స్ గోల్డ్ 1934లోను, బులియన్ 1938లోను రైతుల కందెను. ఫగుల్‌తో పోల్చిన బ్రూయర్స్ గోల్డ్‌లో చేదు దాదాపు రెట్టింపు.

వాసన మాత్రము పూర్తిగ లొంగలేదు. అందు బ్లాక్‌కరెంట్ పండ్ల ఛాయ, తల్లితీగ ఘాటు మిగిలెను. తయారీదారులు చేదును మెచ్చి వాసనకు మొగము చిట్లించిరి. అయినను వారికొక ఉపాయము కలదు. చేదు వెలువడుటకు హాప్స్‌ను చాలసేపు మరగించవలెను. ఆ మరుగులో సువాసన తైలములు ఆవిరియై పోవును. కావున ఘాటు తీగను మొదటనే వేసి, సున్నితమైన గోల్డింగ్‌ను దించబోవునపుడు వేయుదురు. చారు దించునపుడు కొత్తిమీర వేయుట వంటిదే యిది.

1934లో సామన్ పెంచిన మొలకలలో నుండియే నార్దర్న్ బ్రూయర్ వచ్చెను. చేదునకును వాసనకును కూడ పనికివచ్చుట దాని విశేషము. సాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 వరకు తయారైన యాంకర్ స్టీమ్ బీరునకు దాని రుచియే ప్రసిద్ధి తెచ్చెను.

1959లో సామన్ మరణించెను. గలీనా, నగ్గెట్ మొదలగు అమెరికా తీగలు ఆయన బ్రూయర్స్ గోల్డ్ సంతతిలోనివే. ఆయన కాలపు తయారీదారులు రోసిన ఆ పండ్ల ఘాటునే నేడు ఇంట బీరు కాచుకొనువారు పలువురు కోరి, పొయ్యి దించిన పిదప గుప్పెళ్లతో వేయుచున్నారు.