శుక్రుని కోసం పుదుచ్చేరిలో నిరీక్షించిన ల జాంతీ

క్రైస్తవ మతాచార్యుడు కావాలని పారిస్ చేరిన ఒక యువకుడు ఖగోళ శాస్త్రవేత్తగా మారి, సూర్యబింబంపై శుక్రుని గమనాన్ని కొలిచేందుకు పదకొండేళ్లకు పైగా స్వదేశానికి దూరంగా గడిపారు. ఆయన పేరు గియోమ్ ల జాంతీ. ఆ కొలత ఆయనకు దక్కలేదు. కానీ పుదుచ్చేరిలో సాగిన నిరీక్షణ మరొక విధంగా ఫలించింది.

ల జాంతీ 1725 సెప్టెంబరు 12న ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో, కుతాంస్ పట్టణంలో జన్మించారు. పారిస్‌లో మతశాస్త్రం అభ్యసిస్తున్న రోజుల్లో ఖగోళ పండితుడు దెలీల్ ఉపన్యాసాలు ఆయన దృష్టిని ఆకాశం వైపు మళ్లించాయి. అనంతరం పారిస్ వేధశాలలో జాక్ కస్సినీ వద్ద శిక్షణ పొంది, 1753లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యులయ్యారు.

శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా సాగడం అరుదైన ఘటన. ఎనిమిదేళ్ల ఎడంతో రెండుసార్లు సంభవించాక, మళ్లీ శతాబ్దానికి పైగా కనిపించదు. దూరదూర ప్రాంతాల నుంచి ఆ గమనాన్ని కచ్చితమైన కాలంతో నమోదు చేస్తే భూమికి, సూర్యునికి మధ్య దూరాన్ని లెక్కించవచ్చని ఎడ్మండ్ హేలీ ప్రతిపాదించారు. 1761 జూన్ 6 నాటి ఘటనను పుదుచ్చేరి నుంచి పరిశీలించే బాధ్యత ల జాంతీకి లభించింది.

1760 మార్చిలో ఆయన ఫ్రాన్స్ నుంచి బయలుదేరారు. అప్పటికి ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి యుద్ధం సాగుతోంది. మారిషస్ మీదుగా మలబారు తీరంలోని మాహే సమీపానికి చేరేసరికి, పుదుచ్చేరి జనవరిలోనే ఆంగ్లేయుల వశమైందని తెలిసింది. నౌక వెనుదిరిగింది. జూన్ 6న నడిసముద్రంలో ఆకాశం నిర్మలంగానే ఉంది. అయితే ఊగిసలాడే ఓడపై కచ్చితమైన కొలతలు సాధ్యం కాలేదు.

ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. 1769లో రానున్న రెండో అవకాశం కోసం హిందూ మహాసముద్ర ప్రాంతంలోనే ఉండి, మడగాస్కర్ తీరాన్ని అధ్యయనం చేశారు. 1766లో మనీలా చేరారు. అక్కడి స్పెయిన్ గవర్నర్ ఆయనను అనుమానించారు. అకాడమీ కూడా పుదుచ్చేరికే మొగ్గు చూపింది. సంధి ఫలితంగా ఆ పట్టణం అప్పటికే తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చింది.

1768 మార్చి 27న ల జాంతీ పుదుచ్చేరిలో అడుగుపెట్టారు. ఆకాశ పరిశీలన ఆ పట్టణానికి కొత్త కాదు. 1689 డిసెంబరులో జెసూట్ మతాచార్యుడు జాన్ రిషో అక్కడి నుంచి తోకచుక్కను చూస్తూ, ఆల్ఫా సెంటారి జంట నక్షత్రమని గుర్తించారు. గవర్నర్ లా ద లొరిస్తోన్ సహకారంతో ల జాంతీకి శిథిలమైన కోటలో వేధశాల సిద్ధమైంది. మద్రాసులోని ఆంగ్లేయులు ఒక దూరదర్శినిని సమకూర్చారు.

నిరీక్షణ కాలంలో ఆయన స్థానిక పంచాంగ గణితాన్ని అభ్యసించారు. కాగితం, కలం లేకుండా, గవ్వలను పేర్చుకుంటూ వేగంగా సాగే లెక్కలు ఆయనను ఆశ్చర్యపరిచాయి. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణాన్ని ఉదాహరణగా తీసుకుని పరీక్షించారు. గ్రహణ కాలంలో తమిళ గణనకు వచ్చిన తేడా 41 సెకన్లు. ఐరోపాలో పేరొందిన టోబియాస్ మేయర్ పట్టికలకు వచ్చిన తేడా 68 సెకన్లు.

1769 జూన్ 4 ఉదయం శుక్రుడు సూర్యబింబాన్ని దాటే వేళకు మబ్బులు కమ్ముకున్నాయి. ఘటన ముగిసిన కొద్దిసేపటికే సూర్యుడు కనిపించాడు. ల జాంతీ విడిచివచ్చిన మనీలాలో ఆకాశం నిర్మలంగా ఉంది. తదుపరి అవకాశం 1874లో గానీ లేదు. ఆయన రోజుల తరబడి దుఃఖంలో మునిగిపోయారు.

అనారోగ్యంతో 1770 మార్చిలో పుదుచ్చేరిని వీడిన ల జాంతీ, 1771 అక్టోబరులో ఫ్రాన్స్ చేరారు. అప్పటికే ఆయన మరణించారని భావించి వారసులు ఆస్తి పంపకానికి పూనుకున్నారు. అకాడమీలో ఆయన స్థానం మరొకరికి దక్కింది. న్యాయస్థానంలోనూ నష్టమే మిగిలింది. తర్వాత అకాడమీలో మళ్లీ చోటు లభించింది. వివాహం చేసుకున్నారు, కుమార్తె జన్మించింది.

1779, 1781 సంవత్సరాల్లో ఆయన యాత్రా గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది. అందులో శుక్రుని కొలతలు లేవు. పుదుచ్చేరిలో నేర్చిన గ్రహణ గణితం ఉంది. భారతీయ ఖగోళ విజ్ఞానాన్ని ఐరోపా పండితులు అధ్యయనం చేయడానికి ఆ గ్రంథం ఆధారమైంది. ల జాంతీ 1792 అక్టోబరు 22న మరణించారు. చంద్రునిపై ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.