పనికి, ఉష్ణానికి లెక్క కుదిర్చిన జౌల్

బలం, శక్తి, ఉష్ణం అనే పాఠాలలో లెక్కలు చేసేటప్పుడు మన విద్యార్థులు 4.2 అనే సంఖ్యను యథాలాపంగా వాడుతుంటారు. ఒక కెలోరి ఉష్ణం సుమారు 4.2 జౌళ్ల పనికి సమానమని చెప్పే ఆ సంఖ్య వెనుక ఒక మనిషి జీవితకాలపు శ్రమ ఉన్నది. ఆ శాస్త్రజ్ఞుని జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబరు 24న ఇంగ్లండులో మాంచెస్టరు చేరువనున్న సాల్ఫర్డులో జన్మించాడు. తండ్రి మద్యం తయారుచేసే కర్మాగారానికి యజమాని. సున్నితమైన ఆరోగ్యం వల్ల జౌల్ ఇంటివద్దనే చదువుకున్నాడు. పరమాణు సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన జాన్ డాల్టన్ వద్ద సోదరునితో కలిసి గణితం అభ్యసించే భాగ్యం లభించింది. విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాదు. ఆచార్య పదవి లేదు. కర్మాగారపు వ్యవహారాలు చూసుకుంటూనే ప్రయోగాలు సాగించాడు.

ఉష్ణం ఒక ద్రవంవంటి పదార్థమనీ, దానిని సృష్టించడం అసాధ్యమనీ ఆనాటి పండితులలో పలువురి నమ్మకం. పని చేయడం వల్లనే ఉష్ణం పుడుతుందని జౌల్ 1843లో కార్క్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో విన్నవించాడు. సభ మౌనం వహించింది. ఆయన నిరుత్సాహపడక మరింత నిశితమైన కొలతలకు పూనుకున్నాడు.

ఆయన ప్రయోగం మిక్కిలి సరళమైనది. రాగి పాత్రలో నీరు పోసి, అందులో తెడ్ల చక్రం అమర్చాడు. కప్పీల మీదుగా దారాలకు కట్టిన బరువులు క్రిందికి దిగుతుంటే చక్రం తిరిగి నీటిని చిలికేది. బరువును, అది దిగిన ఎత్తును గుణిస్తే జరిగిన పని తెలుస్తుంది. ఉష్ణమాపకం చూస్తే పుట్టిన ఉష్ణం తెలుస్తుంది. బరువులను ఇరవై మార్లు దించినా నీరు వేడెక్కేది దాదాపు అర డిగ్రీ ఫారన్‌హీటు మాత్రమే! గాలికి పోయిన వేడిని, కప్పీల ఘర్షణను సైతం ఆయన లెక్కలోనికి తీసుకున్నాడు. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 772 పౌండ్ల బరువు ఒక అడుగు దిగాలని 1850లో ప్రకటించాడు. నేటి ప్రమాణాలలో అది కెలోరికి 4.15 జౌళ్లు. నేటి విలువ 4.186తో పోల్చితే నూటికి ఒక వంతు తేడా అయినా లేదు.

ఈ సూత్రంతో జౌల్ 1845లోనే నయాగరా జలపాతాన్ని ఒక లెక్కగా మార్చాడు. నీరు 160 అడుగులు పడుతుంది. పడిన శక్తి అంతా ఉష్ణంగా మారి నీటిలోనే నిలిచిందనుకుంటే, 160ని 772తో భాగించగా సుమారు 0.2 డిగ్రీ. అనగా అడుగున నీరు పైనున్న నీటికంటె అంతమేర వెచ్చగా ఉండాలి. నీరు ఎన్ని పౌండ్లని అడగనక్కరలేదు; ద్రవ్యరాశి రెండు వైపులా ఉన్నందున కొట్టివేయబడుతుంది. సూత్రాన్ని కంఠస్థం చేసినవానికీ, అర్థం చేసుకున్నవానికీ గల భేదం ఇక్కడే తెలుస్తుంది.

1847లో ఆక్స్‌ఫర్డు సభలో యువకుడైన విలియం థామ్సన్ ఆయన కృషి విలువను గుర్తించాడు. తదుపరి ఇరువురూ కలిసి, సన్నని రంధ్రాల గుండా వ్యాకోచించే వాయువు చల్లబడడాన్ని పరిశీలించారు. 1850లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1870లో కోప్లీ పతకం లభించాయి. అయితే 1854లోనే భార్య మరణించింది. చివరి దశలో సంపద తరిగి, 1878లో ప్రభుత్వ భృతి స్వీకరించవలసి వచ్చింది. ఆ ఏటనే ఆ పాత ప్రయోగాన్ని మరల చేసి 772.55 అని తేల్చాడు. 1889 అక్టోబరు 11న ఆయన కన్నుమూశాడు. సమాధి రాతిమీద చెక్కినది ఆ సంఖ్యనే.

లెక్కలో ఘర్షణ వల్ల శక్తి నష్టమైనదని వ్రాసి మనం ముందుకు సాగిపోతాము. అది ఎక్కడికి పోయిందని అడిగినవాడు జౌల్. మన విద్యార్థులు సైతం ప్రతి లెక్క చివర ఆ ప్రశ్న వేసుకోవాలని మా ఆకాంక్ష.