ఫిడేలు నాయుడుగారి సాధన

మా ఉత్తరాంధ్రలో పాతతరం వారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని పూర్తి పేరుతో ప్రస్తావించడం తక్కువ. ఫిడేలు నాయుడుగారు అంటే చాలు, అందరికీ తెలిసేది. వృత్తిరీత్యా ఇంజనీరునైన నాకు సంగీతం గురించి రాసేంత పాండిత్యం లేదు. అయితే రెండేళ్ల క్రితం, యాభై రెండో ఏట, నేను వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ వంకతో ఆయన జీవితం గురించి శ్రద్ధగా చదివాను. అందులో నాకు ఉపయోగపడినది మన పూర్వ విద్యార్థి మిత్రులకూ, గురువులకూ నచ్చుతుందనే ఆశతో ఈ నాలుగు మాటలు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రిగారు సైన్యంలో పనిచేసేవారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నతనం నుంచే ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. అందువల్ల బడిలో చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు చేతికిచ్చి పాఠం మొదలుపెట్టారు.

ఫిడేలు పట్టుకున్న వాడికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. వీణకు మెట్లుంటాయి, ఫిడేలుకు ఉండవు. ఉన్నవి నాలుగు తీగలు, వాటి కింద నున్నటి పలక. ఫలానా స్వరం ఇక్కడ ఉందని చెప్పే గీత ఒక్కటీ లేదు. వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. తప్పిందని చెప్పేది చెవి, సరిచేయవలసింది వేలు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే కొలతబద్ద వాద్యం మీద లేదు, వాయించేవాడి చెవిలో ఉంది. బడిలో నల్లబల్ల దగ్గర అడ్డం వచ్చిన చూపు ఈ విద్యకు అడ్డం రాలేదు. నాయుడుగారు ఏళ్ల తరబడి చేసిన సాధనలో సగం వాయించడమైతే సగం వినడం అని నాకు అనిపిస్తుంది.

1919లో విజయనగరం సంస్థానంలో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. విద్యార్థిగా చేరుదామని వెళ్లిన నాయుడుగారి వాదన విని, దాసుగారు ఆయనను ఫిడేలు అధ్యాపకుడిగానే తీసుకున్నారన్న ముచ్చట మన ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. 1936లో అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. మన ఘంటసాలగారు, సుశీలగారు చదువుకున్న కళాశాల అదే.

నన్ను ఆలోచింపజేసింది ఆ ఉద్యోగం తర్వాతి జీవితం. ఇరవై ఆరేళ్లకే గురుస్థానం దొరికిన వాడు నేర్చుకోవడం ఆపేసినా ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఆపలేదు. పెద్ద పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయించారు. పాశ్చాత్యుల వాదననూ శ్రద్ధగా విన్నారు. కచేరీలో ఫిడేలంటే పాటగాడి వెంట నడిచే వాద్యమని అందరూ అనుకునే రోజుల్లో, 1938లో వెల్లూరులో తొలిసారి సోలో కచేరీ చేశారు. నలభై ఐదో ఏట అది ఆయనకు కొత్త ఆరంభం. ముందు పాట లేనప్పుడు సాహిత్యం పలికే పని కూడా కమానుదే అవుతుంది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1952లో మన దేశానికి వచ్చిన యెహూదీ మెనూహిన్ ఆయన వాదన విని ముగ్ధులయ్యారు.

ఇక నా సంగతి. నేర్చుకోవడం మొదలైన ఎనిమిదో నెలలో ఫిడేలు పెట్టె మూసేద్దామన్నంత నిరాశ కలిగింది. మూడో నెలలో బాగానే ఉందనిపించిన సరళీ స్వరాలు ఎనిమిదో నెలలో వినలేకపోయాను. భుజం నొప్పి ఒకటి, ఇంట్లోవాళ్ల ఓర్పుకు పరీక్ష ఒకటి. మా గురువుగారు వయసులో మా అమ్మాయి కంటే రెండేళ్లే పెద్ద. చేయి చెడలేదని, చెవి ఎదిగిందని ఆవిడ వివరించారు. మూడో నెలలోనూ అవే అపస్వరాలు ఉన్నాయి, వాటిని గుర్తుపట్టే చెవి అప్పటికి నాకు లేదు. అప్పుడు నాయుడుగారి జీవితం మరోలా అర్థమైంది. చెవి ఎప్పుడూ చేతి కంటే ఒక అడుగు ముందే ఉంటుంది. ఆ అడుగు దూరమే మనిషిని మర్నాడు మళ్లీ వాద్యం ముందు కూర్చోబెడుతుంది. పదవి వచ్చినా, బిరుదు వచ్చినా ఆ దూరం తీరదు కనుకనే పెద్దవాళ్ల సాధన ఆగదు. అంతటి విద్వాంసుడితో నన్ను పోల్చుకోవడం లేదు, దారి మాత్రం ఒకటే.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఎన్ని గంటలు వాయించానన్న లెక్క మానేశాను. పొద్దున నలభై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు శ్రుతి పెట్టె పెట్టుకుని, వేళ్లు ఆనించకుండా ఉత్త తీగల మీద నిడుపాటి కమాను లాగుతాను. తర్వాత పాఠం మొదటి కాలంలోనే, నెమ్మదిగా. వినబడిన తప్పుల్లో ఒక్కటి ఎంచుకుని నోటుబుక్కులో రాసుకుంటాను. మర్నాటి పని అదే. ఉత్సాహం వచ్చాక కూర్చోవడం కాకుండా, కూర్చున్నాక ఉత్సాహం రావడం నాకు అనుభవమైంది.

నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. కుమార్తె మంగతాయారుగారు ఆ విద్యను కొనసాగించారు. 1993లో, శతజయంతి ఏడాది, తపాలా శాఖ ఆయన పేర స్టాంపు తెచ్చింది.

మన గురువులకు ఒక మనవి. నల్లబల్ల కనబడక వెనకబడ్డ పిల్లవాడికి ముందు కళ్లద్దాలు కావాలి, ఆ తర్వాత వాడికి పట్టుబడే విద్య ఏదో చూడాలి. పదవీ విరమణ దగ్గరపడుతున్న నా తోటివారికి మరో మనవి. ఏదైనా కొత్తగా మొదలుపెట్టి, ఆరునెలలయ్యాక ముందుకంటే అధ్వానంగా ఉందనిపిస్తే కంగారుపడకండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి నాకు అలంకారాలు మూడో కాలంలో పలుకుతాయో లేదో చెప్పలేను. పొద్దున ఐదున్నరకు శ్రుతి పెట్టె మాత్రం మోగుతుంది.