అడవి బిడ్డల నాడి పట్టిన పరదేశి: హైమన్‌డార్ఫ్

రోగికి మందివ్వడం ఒక ఎత్తు. ఆ రోగి ఎక్కడివాడు, ఏం తిని బతుకుతున్నాడు, ఏ భాషలో తన బాధ చెప్పుకుంటాడు అన్నది తెలుసుకోవడం ఇంకొక ఎత్తు. మొదటిది వైద్యుల పని. రెండవది ఎవరి పనీ కాదన్నట్టు చాలాకాలం వదిలేశారు. అడవుల్లో, కొండల్లో బతికే గిరిజనుల విషయంలో అయితే మరీను. ఆ రెండవ పని కోసం తెలుగుదేశంలో ఏళ్ల తరబడి కాలినడకన తిరిగిన ఒక పరదేశి కథ ఇది. ఆయన డాక్టరు కాడు. అయినా గిరిజనుల ఆరోగ్యం గురించి ఆలోచించేవాళ్లు ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆయనే క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక కులీన కుటుంబంలో పుట్టాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పొందాడు. విచిత్రం ఏమిటంటే, ఆ పరిశోధన అస్సాం, బర్మా కొండజాతుల గురించే గాని, అప్పటికి ఆయన ఆ కొండలను కళ్లతో చూడలేదు. పుస్తకాల్లో చదివి రాసినదే. ఆ తర్వాత లండన్ వెళ్లి మాలినోవ్‌స్కీ అనే మహా పండితుడి గోష్ఠుల్లో కూర్చున్నాడు. మనుషుల గురించి రాయాలంటే వాళ్ల మధ్య ఉండాలి, వాళ్ల భాష నేర్వాలి, వాళ్ల తిండి తినాలి అన్నది ఆ గురువు చూపిన మార్గం. 1936లో హైమన్‌డార్ఫ్ అస్సాం చేరి కొన్యాక్ నాగాల మధ్య నివసించాడు. పుస్తకాల పండితుడు కాస్తా అక్కడ ఊళ్లు తిరిగే పండితుడయ్యాడు.

1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లీషు యువతిని పెళ్లాడాడు. ఆమె భర్తతో పాటు అడవులన్నీ తిరిగింది, గుడారాల్లో ఉంది, ఆయన పరిశోధనలో సగం బరువు మోసింది. హైమన్‌డార్ఫ్ పేరు తలచుకున్నప్పుడు బెట్టీని తలచుకోకపోతే అన్యాయమే.

1939లో దంపతులిద్దరూ మళ్లీ భారతదేశం వచ్చారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియా అంతకుముందు సంవత్సరమే హిట్లర్ జర్మనీలో కలిసిపోయింది గనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు! అలాంటివాళ్లను ఎందరినో నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఈయనకు మాత్రం హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకుండా ఉండమని ఆంక్ష పెట్టి వదిలేశారు. వేరేవాళ్లయితే తలరాత అని కూర్చునేవారు. ఆయన ఆ ఆంక్షనే అవకాశంగా మార్చుకున్నాడు. సంస్థానంలోని అడవులు ఉండగా ఇంకెక్కడికో వెళ్లవలసిన పనేమిటి?

మొదట వెళ్లింది నల్లమలకు. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల పెంటల్లో 1940లో మకాం పెట్టాడు. పెంట అంటే నాలుగైదు గుడిసెల చిన్న గూడెం. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, ఇప్పపువ్వు ఏరుకోవడం, విల్లంబులతో వేటాడటం, ఇదీ వాళ్ల బతుకు. ఇవాళ దొరికింది ఇవాళ తినడమే, దాచిపెట్టుకోవడం తెలియదు. నదికి దక్షిణాన కర్నూలు జిల్లా చెంచులతో కూడా పోల్చి చూశాడు. ఆ కృషి ఫలితమే 1943లో వెలువడిన చెంచుల గ్రంథం. చెంచుల గురించి ఎవరు ఏం రాయాలన్నా ఇప్పటికీ ముందు తిరగవేసేది ఆ పుస్తకాన్నే.

పల్నాటివాళ్లమైన మనకు చెంచులు కొత్తవాళ్లు కారు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు అడవి అంచున వాళ్ల గూడేలున్నాయి. మన అమరావతి ముందు పారే కృష్ణ ఆ నల్లమల కొండలను ఒరుసుకుంటూ వచ్చిందే. కానీ వాళ్ల గురించి మనకు తెలిసినదెంత? సంతలో తేనె అమ్మడానికి వచ్చినప్పుడు సీసా ఎంత అని బేరమాడటం తప్ప వాళ్లతో పట్టుమని పది మాటలు మాట్లాడినవాళ్లం ఎందరం? వియన్నా నుంచి వచ్చినవాడు మనకంటే ముందు వాళ్ల గుడిసె ముందు కూర్చున్నాడు.

నల్లమల నుంచి గోదావరి వైపు, పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడ వెదురు, కలప కంట్రాక్టర్లు అమాయకులైన కొండరెడ్ల చేత అరకొర కూలికి వెట్టి చేయించుకోవడం కళ్లారా చూసి, చూసింది చూసినట్టు రాశాడు. ఆ గ్రంథం 1945లో వచ్చింది.

అదే కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో ఘోరం జరిగింది. పోడు భూములు పోగొట్టుకున్న గోండులు కొమురం భీం నాయకత్వంలో తిరగబడ్డారు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు భీంను, ఆయన అనుచరులను కాల్చి చంపారు. ఇంత నెమ్మదైన జనం ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న అప్పుడు గాని ప్రభుత్వానికి తట్టలేదు. కారణం తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపారు. సర్కారులో ఉన్నతోద్యోగిగా ఉన్న గ్రిగ్సన్ దొర ఆయనకు అండగా నిలిచాడు. గ్రిగ్సన్ కూడా బస్తర్ గోండుల మీద గ్రంథం రాసినవాడే.

డాక్‌బంగళాలో కుర్చీ వేసుకుని పటేల్‌ను, పట్వారీని పిలిపించి నివేదిక రాసుకుంటే సరిపోయేది. ఆయన అలా చేయలేదు. మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని బెట్టీతో కాపురం పెట్టాడు. గోండీ నేర్చుకున్నాడు. పండుగల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో వాళ్లతో కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. తరతరాలుగా దున్నుకుంటున్న నేలకు గోండు చేతిలో కాగితం లేదు. కాగితం ఉన్న షావుకారు వచ్చి నేల తనదంటాడు. రిజర్వు ఫారెస్టు గీత గీసి గార్డు వచ్చి అడవి సర్కారుదంటాడు. మరి గోండుకు మిగిలిందేమిటి?

ఆయన నివేదికల ఫలితంగా గిరిజనులకు భూమి పట్టాలిచ్చే పని మొదలైంది. 1949 నాటికి ఆదిలాబాద్ జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలు గిరిజనుల పేర పట్టా అయ్యాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీ భాషలోనే వాచకాలు తయారుచేయించి పిల్లలకు చదువు చెప్పించారు. 1945 నుంచి ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. 1949లో లండన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1976లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పాఠాలు చెప్పాడు.

ఇందులో ఆరోగ్యం ఎక్కడుంది అని మిత్రులు అడగవచ్చు. అక్కడే ఉంది కిటుకంతా. భూమి పోయినవాడి కుండలో గింజ ఉండదు. అడవిలో అడుగు పెట్టనివ్వకపోతే గడ్డా, పండూ, వేటమాంసమూ ఉండవు. తిండి లేని ఒంటికి మలేరియా వస్తే లేవలేడు. ఆస్పత్రికి వెళితే అక్కడివాళ్ల మాట తనకు తెలియదు, తన మాట వాళ్లకు తెలియదు. ఒకసారి కసురు తిన్నవాడు రెండోసారి గడప తొక్కుతాడా? అప్పుడు మనం తీరిగ్గా ఒక మాట అంటాం, గిరిజనులు మూఢనమ్మకాలతో మందు వేసుకోరని! భూమి, తిండి, భాష, గౌరవం అనే నాలుగూ మందుకంటే ముందు కావలసినవని హైమన్‌డార్ఫ్ జీవితం మనకు చెబుతుంది.

ఒక రోగం సంగతి చూడండి. యాజ్ అని ఒక చర్మవ్యాధి ఉండేది. ఒళ్లంతా పుండ్లు పడి చివరికి ఎముకలను కూడా తినేసేది. దానికి మన దేశంలో జనం పెట్టిన పేర్లేమిటో తెలుసా? కోయ రోగం, గోండి రోగం. రోగానికి జాతి పేరు పెట్టేశాం, అదేదో వాళ్ల రక్తంలో పుట్టినట్టు! నిజానికి అది దారిద్ర్యం వల్ల, శుభ్రమైన నీరు, వైద్యం అందకపోవడం వల్ల పాకిన అంటువ్యాధి. ఒక్క పెన్సిలిన్ సూదితో నయమయ్యేది. 1996లో ఒరిస్సాలోని కోరాపుట్‌లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి గూడెం గూడెం తిరిగి వెతికి వైద్యం చేస్తే, 2003 తర్వాత కొత్త కేసు లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి యాజ్ లేదని ధ్రువపత్రమిచ్చింది. గుమ్మం దాకా నడిచి వెళితే రోగం పోయింది. తప్పు జాతిది కాదని తేలిపోయింది.

అన్ని రోగాలూ అలా పోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజనులు నూటికి 8.6 మంది. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక చూస్తే, దేశంలోని మలేరియా కేసుల్లో సుమారు 30 శాతం, మలేరియా మరణాల్లో సగం గిరిజనులవే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ప్రతి వెయ్యి మంది పిల్లల్లో అయిదేళ్లు నిండకముందే చనిపోయినవాళ్లు దేశం మొత్తం మీద 50 మంది కాగా గిరిజనుల్లో 57 మంది. ఈ అంకెలు చదవడం తేలికే. ప్రతి అంకె వెనుకా ఒక తల్లి ఉంది.

హైమన్‌డార్ఫ్ కృషి అంతా సఫలమైందని చెప్పడం కూడా సరికాదు. పదవీ విరమణ దగ్గరపడ్డాక మళ్లీ మన అడవులకు వచ్చి, తాను యువకుడిగా తిరిగిన గూడేలన్నీ తిరిగి చూశాడు. రోడ్లు పడ్డాయి, బడులు వచ్చాయి, నిజమే. ఆ రోడ్ల మీదనే మైదానాల జనమూ వచ్చారు. చాలాచోట్ల గోండుల భూములు మళ్లీ పరుల పాలయ్యాయి. చట్టం ఉంది, భూమి లేదు! ఆ బాధనంతా 1982లో ప్రచురించిన పుస్తకంలో దాచకుండా రాశాడు. భీంను చంపిన ప్రభుత్వం దగ్గరే ఆయన ఉద్యోగం చేశాడు కదా అని విమర్శించేవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. అయితే ఆ ప్రభుత్వం చేతనే గోండు చేతికి పట్టా కాగితం ఇప్పించాడన్నది కూడా మరవకూడదు. మనం మెచ్చుకోవలసింది ఆయన గెలుపును కాదు. నలభై ఏళ్ల తర్వాత తన పని నిలిచిందో లేదో తిరిగి వచ్చి చూసుకున్నాడే, ఆ నిజాయితీని. పరిశోధన పట్టా చేతికి రాగానే ఆ ఊరి పేరు మరిచిపోయేవాళ్లు మనలో తక్కువా?

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాదులో కన్నుమూసింది. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని 2012లో మార్లవాయికి తెచ్చి బెట్టీ పక్కన ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ దంపతులకు నివాళి అర్పించడం ఆనవాయితీ అయింది. ఏ సర్కారూ ఉత్తర్వు వేసి తెప్పించలేని గౌరవం అది.

విద్యార్థి మిత్రులారా, మనలో రేపు డాక్టర్లు అయ్యేవాళ్లున్నారు, నర్సులు, టీచర్లు, ఆఫీసర్లు అయ్యేవాళ్లున్నారు. ఏదో ఒకనాడు సర్వే కాగితాలు పట్టుకుని ఏ చెంచు గూడేనికో వెళ్లవలసి రావచ్చు. జీపు ఇంజను ఆపకుండా, గుమ్మం బయటే నిలబడి పిల్లలెంతమంది, జ్వరాలెన్ని అని టిక్కులు పెట్టుకుని రావడం ఒక పద్ధతి. జీపు దిగి, వాళ్ల అరుగు మీద కూర్చుని, వాళ్లు పెట్టిన గడ్డ తిని, వాళ్ల మాటలు నాలుగు నేర్చుకుని, రాత్రికి అక్కడే ఉండటం ఇంకో పద్ధతి. మొదటి పద్ధతిలో ఫారం నిండుతుంది. రెండవ పద్ధతిలో మనిషి తెలుస్తాడు. మనిషి తెలిసినవాడు ఇచ్చిన మందును ఆ మనిషి నమ్మి వేసుకుంటాడు.