మనకు తెలియని నైటింగేల్

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే దీపం పట్టుకున్న నర్సమ్మ బొమ్మే గుర్తొస్తుంది. స్కూల్లో నేను చదివింది కూడా అంతే. ఆమె లెక్కల మనిషి అని బీటెక్‌కి వచ్చాకే తెలిసింది. ఇవాళ ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదాని డేటా ఒకటి అర్థం చేసుకోలేక పడే తిప్పలు ఆమెకు అప్పుడే ఎదురయ్యాయి.

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్‌లో సంపన్న ఇంగ్లిష్ కుటుంబంలో పుట్టారు. ఊరి పేరే ఆమె పేరైంది. నర్సు పని వద్దని ఇంట్లో అడ్డుపడ్డా వినలేదు. క్రిమియా యుద్ధ కాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆస్పత్రికి చేరారు.

అక్కడ మురికి ఒక ఎత్తయితే, రికార్డులు ఇంకో ఎత్తు. చనిపోయిన సైనికుల లెక్క మూడు రిజిస్టర్లలో రాసేవాళ్లు. మూడింట్లో మూడు లెక్కలు! ఎంతమంది, దేనివల్ల పోతున్నారో తెలియకుంటే ఆపేదెట్లా?

తిరిగొచ్చాక గణాంక నిపుణుడు విలియం ఫార్ సాయంతో లెక్కలు తేల్చారు. గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది పోయారని రంగుల చార్టు గీసి చూపించారు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు ఆమె ప్రతిపాదన వచ్చింది: అన్ని ఆస్పత్రులకూ ఒకే ఫారం, రోగాలకు ఒకే పేర్ల జాబితా. సభ ఒప్పుకుంది. కొన్ని లండన్ ఆస్పత్రులు మొదలుపెట్టాయి గానీ ఎక్కువ కాలం నిలబడలేదు.

మన దేశానికి ఆమె ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాల నుంచి వచ్చిన జవాబులు చదివి, 1863 నివేదికకు తన పరిశీలనలు రాశారు. 1910 ఆగస్టు 13న కన్నుమూశారు.

ఆమె కోరిన ఒకే జాబితా ఆగిపోలేదు. ఫార్ వేసిన బాటలోనే 1893లో జాక్ బెర్టిలాన్ జాబితా వచ్చింది. అదే పెరిగి ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ఐసీడీ అయింది.

ఇదంతా మనకెందుకంటే, 2022 మార్చిలో మన రాజన్న సిరిసిల్లలో, ములుగులో ఇంటింటి ఆరోగ్య వివరాలు కంప్యూటర్‌కెక్కించే హెల్త్ ప్రొఫైల్ పని మొదలైంది. ఒకచోట షుగర్, ఇంకోచోట మధుమేహం, మరోచోట డయాబెటిస్ అని రాస్తే మనకు ఒకటే రోగం, కంప్యూటర్‌కు మూడు. ఉట్నూరు దగ్గరి గూడెం మనిషికి ఫలానా మందు పడదని అక్కడ రాసింది కరీంనగర్ కంప్యూటర్‌కు అర్థం కాకుంటే ప్రాణం మీదికొస్తది. ఫైల్ చేరితే చాలదు, అర్థం కూడా చేరాలి.

మనలో ఎవరైనా రేపు ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ రాస్తే, స్క్రీన్ రంగులకన్నా ముందు రోగాల కోడ్‌ల సంగతి చూడండి దోస్తులూ.