కార్లను పట్టి ఆపిన కోడి రామ్మూర్తి

తెలుగునాట బలానికి మారుపేరు కోడి రామ్మూర్తి నాయుడు. ఆయన 1880లలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి చనిపోతే విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. చదువు మీద కంటే వ్యాయామశాల మీద ధ్యాస ఎక్కువ. మన దగ్గర తాలీం అంటామే, అదే. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా చేరారు. అంటే ఇప్పటి మాటల్లో పీఈటీ సారన్నమాట. తర్వాత ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టారు.

ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవారు. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. ఆయన శాకాహారి కావడం చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. అన్నిటికంటే పేరు తెచ్చింది కార్ల ప్రదర్శన. రెండు భుజాలకు కట్టిన గొలుసులను రెండు కార్లకు తగిలించి చెరోవైపు నడపమనేవారు. కార్లు కదిలేవి కావు. విశాఖపట్నంలో వైస్రాయి లార్డ్ మింటో ఇది చూసి తన కారునే ఆపమన్నారని, ఆయన ఆపారని చెబుతారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదు పొందారు.

ఇక్కడ మిత్రులు ఒక సంగతి గమనించాలి. ఆయన పట్టుకున్నవి పరుగెత్తే కార్లు కావు, ఇంకా బయలుదేరని కార్లు. నిలబడి ఉన్న బండికి గతిశక్తి సున్నా. ఆయన పోరాడింది ఇంజను లాగుడుతోనే. ఆనాటి ఇంజన్లు చిన్నవి కూడా. అదే కారు 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే పది మంది రామ్మూర్తులు గొలుసు పట్టినా లాభం లేదు.

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో గతిశక్తి సూత్రం అందరం బట్టీ పట్టినదే. అందులో వేగానికి వర్గం ఉంది. వేగం రెండింతలైతే దెబ్బ శక్తి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. 30 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే మన హాస్టల్ డాబా మీద నుంచి పడటంతో సమానం. 60తో అయితే 14 మీటర్లు, నాలుగంతస్తుల పైమాటే. 90తో 32 మీటర్లు. స్పీడోమీటరు ముల్లు కొంచెమే జరిగినట్టు కనిపిస్తుంది గాని మేడ మాత్రం అంతస్తులకు అంతస్తులు పెరిగిపోతుంది.

60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, ఒళ్ళో ఉన్న పది కిలోల పసిపాప 170 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. మూడు సిమెంటు బస్తాలకంటే ఎక్కువ. ఏ తల్లి చేతులు ఆపగలవు? 50 కిలోల విద్యార్థి శరీరం మీద 850 కిలోల భారం పడుతుంది. రామ్మూర్తి అంతకంటే పెద్ద ఏనుగును మోశారు కదా అనవచ్చు. ఆయనకు ఊపిరి పట్టడానికి, కండరాలు బిగించడానికి సమయం ఉండేది. ఇలాంటి ప్రదర్శనల్లో ఛాతీ మీద పలక వేస్తారు, బరువు అంతటా పరుచుకుంటుంది. హెల్మెట్ చేసే పని కూడా ఇలాంటిదే. దెబ్బను పరుస్తుంది, లోపలి మెత్త నలుగుతూ ఆగే సమయాన్ని కాస్త పెంచుతుంది. కానీ వేగం మరీ ఎక్కువైతే అదీ చాలదు.

మనలో చాలామంది దసరా సెలవులకు గుడిహత్నూర్ దాకా వచ్చి ఆటోలు, జీపులు పట్టుకుని ఊళ్ళకు పోయేవాళ్ళమే. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి దాటాలి. 60తో వచ్చే డ్రైవరుకు మనం కనిపించాక, తేరుకుని బ్రేకు తొక్కి బండి ఆపేసరికి పొడి రోడ్డు మీదనే దాదాపు 37 మీటర్లు పడుతుంది. 30తో వస్తే 13 మీటర్లు చాలు. 20 మీటర్ల దూరంలో రోడ్డు మధ్య నిలబడ్డ పిల్లవాడి సంగతి లెక్క వేసుకోండి.

రామ్మూర్తి చివరి రోజులు బాధాకరం. కాలికి రాచపుండు లేచి, కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామంతోనే ఆపరేషన్ చేయించుకున్నారని చెబుతారు. 1942 జనవరి 16న ఒరిస్సాలో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది.